తడి కట్టె

కాటేదాన్‌లో ఒక రేకుల షెడ్డు.
లారీలు కక్కిన నల్లనూనెను
మళ్లీ నూనె చేసే బట్టీ.
నేను అక్కడ లెక్కలు రాసేదాన్ని.
చిట్టా పుస్తకం ఎంత జిడ్డు పట్టిందంటే
దీపానికి అడ్డం పెడితే
నిన్నటి ఖర్చు ఇవాళ్టి పేజీలో కనపడేది.

ఆ ఏడు అడితి నుంచి వచ్చిన కట్టెల బిల్లు చూసి
హుకుంచంద్ సేటు కళ్లజోడు తీసి తుడిచాడు,
మళ్లీ పెట్టుకున్నాడు. అంకె మారలేదు.
"నూనె కాస్తున్నామా అనసూయమ్మా,
ఊరికంతా ఎండ కాస్తున్నామా?"

నిజమే.
బట్టీ కడుపులోంచి లేచిన ఆవిరి
నీళ్ల తొట్టిలో చుట్టలు తిరిగే పైపులో దూరి
ఒంట్లో వేడినంతా నీళ్లకిచ్చేసి
చుక్కచుక్కగా తేటనూనై దిగేది.
మరిగిన నీళ్లు మోరీలోకి.
పక్కనే పీపాల్లో రేపటి సరుకు
చలికి పాకంలా చిక్కబడి
తన వంతు కట్టె కోసం కూచునేది.

వహాబ్ మేస్త్రీ బొంబాయిలో
రిఫైనరీలు లేచే రోజుల్లో పైపులు మోసినవాడు.
"పాత బట్టీలన్నీ గిట్లనే ఉండె బిడ్డా.
కాల్చుడు ఎరుక, దాచుడు తెల్వదు.
తీసిన నూనెల కొంత మళ్ల పొయ్యికే పాయె."

టిఫిన్ డబ్బా విప్పుతూ ఏదో అనాలని అన్నాను:
మా అమ్మ కందిపప్పు మీద మూత పెట్టదు,
నీళ్ల గిన్నె పెడుతుంది.
పప్పు ఉడికేలోపు ఆ నీళ్లు కాగుతాయి.
ఎసరు తగ్గితే అవే పోస్తుంది.
చన్నీళ్లు పోస్తే పప్పు బిరుసెక్కుతుందట.

మేస్త్రీ బీడీ ఆరిపోయింది.
మళ్లీ వెలిగించుకోలేదు.

మూతపడ్డ ఐసు కార్ఖానా సామానులో
రాగి చుట్ట ఒకటి దొరికింది.
మొదటి రాత్రి అతుకు కారింది.
రెండో రాత్రి మేస్త్రీ చెయ్యి కాలింది.
మూడో నాడు
పోయే ఆవిరికి ఎదురుగా వచ్చే నూనె నడిచింది.
ఇరుకు సందులో అలాయ్ బలాయ్ తీసుకున్నట్టు,
మధ్యలో రాగి రేకు మందం.
విడిపోయేసరికి
ఒకరి జ్వరం ఇంకొకరికి ఎక్కింది.

తొమ్మిది క్వింటాళ్ల కట్టె అయిదున్నరకు దిగింది.
సేటు పావుకిలో కలాకంద్ తెప్పించాడు.
అందులో సగం ఆయనే తిన్నాడు.

ఆ వారం సరుకు లెక్క కోసం
మొదటిసారి ఆరింటికే షెడ్డుకొచ్చాను.
పొగమంచులో మోరీ పక్కన ఆరేడుగురు ఆడవాళ్లు,
బిందెలు, డాల్డా డబ్బాలు.
చంకలో పిల్లతో సాలమ్మ
నీళ్లలో వేలు ముంచి తీసి
నా వైపు చూసింది.
"బట్టీకి బీమారొచ్చిందా అమ్మా?"

ఆ పిల్ల తలలోంచి మా షెడ్డు వాసన.
ఎన్ని చలికాలాలుగానో ఆ బస్తీ పిల్లల తానాలు
మా మోరీ చివరే.
నా చిట్టాలో జమ ఉంది, ఖర్చు ఉంది.
ఈ బిందెలకు గడి లేదు.

మేస్త్రీకి చెప్పాను. ఏమీ అనలేదు.
మర్నాడు రాగి చుట్టకు ముందు
చిన్న వాల్వు ఒకటి కనపడింది.

ఆదివారం తెల్లారకముందు దాన్ని తిప్పుతాడు.
ఆవిరి పాత దారినే పోతుంది.
సోమవారం నేను రాస్తాను:
"కట్టె తడిగా వచ్చింది. అదనం మూడు క్వింటాళ్లు."

ఫిబ్రవరిలో సేటు ఆ వరస మీద వేలు పెట్టాడు.
"చినుకు లేదు. కట్టె ఎట్లా తడిసింది?"
"మంచు, సేట్‌జీ."
కళ్లజోడు తీశాడు. తుడిచాడు.
ఈసారి మళ్లీ పెట్టుకోకుండానే
చిట్టా నా వైపు జరిపాడు.

మేం తడి కట్టె వాపసు చెయ్యమని
అడితివాడికి ఎవరు చెప్పారో,
మార్చి నుంచి
నిజంగానే తడిది పంపసాగాడు.